మన ఎండలకి పాలిథిన్ షీట్ కాదు, నెట్ కావాలి

డాబా మీద గ్రీన్‌హౌస్ వేయించుకుందామనుకునేవాళ్ళు నన్ను ముందు అడిగేది ఒకటే, షీట్ ఎన్ని మైక్రాన్లది, అంటే ఎంత మందంది తీసుకోవాలి అని. యూట్యూబ్‌లో చూసి ఉంటారు, ఏదో చలి దేశంలో పెరట్లో చిన్న అద్దాల గది, బయటంతా మంచు, లోపల టమాటాలు గుత్తులు గుత్తులుగా, చూడ్డానికి ఎంత బావుంటుందో. నేను మాత్రం షీట్ సంగతి తర్వాత, ముందు షేడ్‌నెట్, అంటే ఎండని కొంత ఆపి గాలిని పోనిచ్చే జాలి, వేయించండి అంటాను. నెట్ వేస్తే అది గ్రీన్‌హౌస్ ఎలా అవుతుందండీ అని కొందరు మొహం చిన్నబుచ్చుకుంటారు. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నా. హైదరాబాద్ వనస్థలిపురంలో మా డాబా మీద కూరగాయలూ పూలూ పెంచుతూ నాకు గట్టిగా అర్థమైంది ఏమన్నా ఉందంటే అది ఇదే: అక్కడివాళ్ళ గ్రీన్‌హౌస్ చేసే పని వేడిని లోపల పట్టి ఉంచడం, మనకి కావాల్సింది వేడిని బయటికి పంపించేయడం. పనే తిరగబడినప్పుడు కట్టే పద్ధతి కూడా తిరగబడాలి కదా.

షీట్ కింద ఏం జరుగుతుందో ముందు చెప్తా. గాజైనా పాలిథిన్ అయినా ఎండని లోపలికి రానిస్తుంది, నేల, కుండీలు, ఆకులు అన్నీ వేడెక్కుతాయి, వాటిని తగిలిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది, లేచి పోదామంటే దారి ఉండదు. గాజు వేడి కిరణాల్ని బయటికి పోనివ్వదు కాబట్టే లోపల వేడి అని మనం స్కూల్లో చదువుకున్నాం, అది కొంతవరకే. 1909లోనే రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ ఫిజిక్స్ ప్రొఫెసర్ రెండు చిన్న పెట్టెలు తయారుచేసి ఒకదానికి గాజు మూత, ఇంకోదానికి వేడి కిరణాల్ని ఆపని రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచి చూశాడు, రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అంటే లోపల వేడికి పెద్ద కారణం గాలి బయటికి పోలేకపోవడమే. ఎండలో అద్దాలెత్తి పార్క్ చేసిన కారులో కూర్చున్నవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన ఊరి లెక్క చూడండి. ఏప్రిల్ మధ్య నుంచి మృగశిర కార్తె దాకా మధ్యాహ్నాలు 40 దాటుతాయి, కొన్ని రోజులు 42, 43 కూడా. చలికాలం అంటారా, డిసెంబర్, జనవరిలో రాత్రి 12, 15 మధ్య, ఊరి చివర్ల ఇంకా తగ్గుతుంది, ఆ చలికి మన కూరగాయలకి ఏ నష్టమూ లేదు, పైగా టమాటాకీ క్యాలీఫ్లవర్‌కీ క్యారెట్‌కీ అదే పండగ. మరి ఏడాది మొత్తంలో వేడి దాచిపెట్టుకోవాల్సిన అవసరం మనకి ఎప్పుడుంది? టమాటా పూత ఉంది చూశారూ, పగలు 35 దాటినా, రాత్రి ఇరవై నాలుగు, ఇరవై ఐదు కంటే కిందికి దిగకపోయినా పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూలు బాగానే పూస్తాయి గానీ కాడ దగ్గర పసుపుబారి టపటపా రాలిపోతాయి. క్యాప్సికమ్ ఇంకా సుకుమారం. పిందె పట్టి కాయ పెరిగినా, వేడి 30, 32 దాటిందంటే ఎర్ర రంగునిచ్చే లైకోపిన్ సరిగ్గా తయారవ్వదు, అందుకే ఎండాకాలం ఇంట్లో కాసిన టమాటా ఎంతకీ ఎర్రబడకుండా నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. బయటే ఇలా ఉంటే మూసేసిన షీట్ కింద ఎలా ఉంటుందో ఆలోచించండి.

మరి ఊరి బయట చేవెళ్ల, మొయినాబాద్ వైపు అంతంత పాలీహౌస్‌లు, అంటే పాలిథిన్ షీట్ కప్పిన పెద్ద గ్రీన్‌హౌస్‌లు వేసి జెర్బెరా పూలు పెంచి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి తెస్తున్నారు కదా అంటారు. తెస్తున్నారు, కానీ వాళ్ళది వేరే లెక్క. వాళ్ళ కప్పు మూడు నిలువుల ఎత్తుంటుంది, శిఖరం దగ్గర పొడుగునా వేడిగాలి పోవడానికి తెరిచి ఉంచిన సందు ఉంటుంది, పక్కల షీట్‌ని పైకి చుట్టేస్తే అక్కడ పురుగులు రాకుండా సన్న నెట్ ఉంటుంది, మిట్టమధ్యాహ్నం లోపల ఇంకో షేడ్‌నెట్ లాగుతారు, ఫాగర్లతో నీటి తుంపర వదుల్తారు. అంత గాలి పట్టే ఎత్తు మన పది అడుగుల బై పన్నెండు అడుగుల డాబా గదికి ఎక్కణ్ణుంచి వస్తుంది. చిన్న గదిలో గాలి తక్కువ, అది వేడెక్కడానికి పట్టే టైమూ తక్కువ. కాబట్టి వాళ్ళని చూసి 200 మైక్రాన్ షీట్ కొనేయకండి. ఆసక్తి ఉంటే జీడిమెట్లలో హార్టికల్చర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది, కూరగాయలకీ పూలకీ, అలాంటి చోట పాలీహౌస్ లోపల నిలబడి ఆ ఎత్తు కళ్ళారా చూస్తే నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

సరే, నెట్ దగ్గరికి వద్దాం. షాపులో 35, 50, 75, 90 పర్సెంట్ అని అడుగుతాడు, అది ఎంత ఎండని ఆపుతుందో చెప్పే లెక్క. కూరగాయలకి 50 చాలు, అంతకంటే ఎక్కువొద్దు. 75 ఆర్కిడ్లకీ ఆకుల అందం కోసం పెంచే ఇండోర్ మొక్కలకీ, 90 అయితే మనుషులు కుర్చీ వేసుకుని కూర్చోడానికి. రంగు విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. అందరూ ఆకుపచ్చదే కొంటారు, చూడ్డానికి చెట్లతో కలిసిపోతుందని, కానీ దాని కింద పడే వెలుతురులో ఆకు తక్కువగా వాడుకునే పచ్చరంగు వాటా ఎక్కువ. దొరికితే తెల్లది తీసుకోండి, వెలుతురు అన్నివైపులా చెదిరి కింది ఆకులకి కూడా అందుతుంది, నెట్ కూడా తక్కువ వేడెక్కుతుంది. యూవీ స్టెబిలైజ్డ్ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే మన ఎండకి త్వరగా పొడిపొడిగా రాలిపోతుంది, ఆ ప్లాస్టిక్ తుక్కు మట్టిలో కలిస్తే ఏరడం ఎవరి వల్లా కాదు.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పేస్తా, నెట్ వేసినంత మాత్రాన లోపల గాలి చల్లబడిపోదు. థర్మామీటర్ పెట్టి చూస్తే బయటికీ లోపలికీ తేడా తక్కువే, రెండు మూడు డిగ్రీలు. తేడా అంతా ఆకు మీద. నేరుగా ఎండ తగిలే ఆకుని మధ్యాహ్నం చేత్తో పట్టుకుని చూడండి, నెట్ కింద ఉన్నదాన్ని పట్టుకుని చూడండి. మా అత్తమ్మకి ముందు నమ్మకం కుదరలేదు. "గీ జాలి కింద చెట్లకు ఎండ సాల్తదా బిడ్డా" అనేది, ఆమెకి మెదక్ దగ్గర పొలంలో పంట చూసిన అనుభవం, నీడలో ఏదీ కాయదని గట్టిగా నమ్మే మనిషి. మే నెలలో బయట కుండీలో తోటకూర ఆకులు చివర్లు మాడి ముడుచుకుపోతుంటే లోపలది లేతగా వెడల్పుగా రావడం చూశాక, ఇప్పుడు కూరకి కోయాలంటే నాకంటే ముందు ఆమే కత్తెర పట్టుకుని పైకి పోతుంది.

కట్టే విషయంలో పొదుపు చేయకూడనిది ఎత్తు. తల తగలకపోతే చాలు కదా అని ఏడడుగులకి కానిచ్చేస్తారు, తల పైన ఇంకో మూడడుగులైనా ఉండాలి, వేడిగాలి మొక్కల మీద కాకుండా పైన నిలబడేట్టు. నిలువు పైపులు జీఐవి, స్లాబ్‌కి మాత్రం రంధ్రాలు వేయించకండి, ఎంత మంచి కెమికల్ పూసినా వానాకాలంలో అక్కణ్ణుంచే చెమ్మ దిగుతుంది. పిట్టగోడకి క్లాంపులతో బిగించి, మధ్యలో కావాల్సినవాటికి పాత పెయింట్ డబ్బాల్లో కాంక్రీట్ పోసి అందులో పైపు నిలబెడితే సరిపోతుంది. ఏప్రిల్, మే సాయంత్రాలు ఈదురుగాలి ఎలా వస్తుందో మనకి తెలుసు కదా, అయిదు నిమిషాల్లో రేకులు ఎగిరిపోతాయి. నెట్ అయితే గాలి లోంచి పోతుంది, షీట్ అయితే ఆ గాలినంతా మీద పట్టుకుని పైపులతో సహా పక్కింటి మీదికి లేపేస్తుంది. ఇది కూడా నేను నెట్ అనడానికి ఒక కారణం. ప్లాస్టిక్ టై‌లు ఎండకి పెళుసెక్కి ఠక్కున తెగుతాయి, నైలాన్ తాడు గానీ జీఐ తీగ గానీ వాడండి.

నాలుగు పక్కలా నెట్ కట్టడం మన ఊళ్లో ఎండ కోసం కంటే కోతుల కోసం, పావురాల కోసం ఎక్కువ. కోతికి వంకాయ తినాలని ఉండదు, పీకి కొరికి పారేయాలని ఉంటుంది. పావురాలు మొలకల్ని లేత ఆకు దశలోనే తుంచేస్తాయి. పక్కలకి మాత్రం 50 పర్సెంట్ షేడ్‌నెట్ కట్టేస్తే గాలి ఆడదు, పెద్ద కన్నాల నైలాన్ వల చాలు. తలుపు దగ్గర కింద సందు లేకుండా చూసుకోండి, కోతి పిల్ల దూరేంత సందు ఉంటే చాలు, తల్లి బయట కూర్చుని పిల్లని లోపలికి పంపుతుంది, నా కళ్ళతో చూశాను.

బరువు సంగతి కూడా చెప్పాలి. ఒక ఘనపుటడుగు తడి మట్టి నలభై అయిదు, యాభై కిలోలు తూగుతుంది. అందుకే ఒట్టి మట్టి వద్దు, ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఒక వంతు, మాగిన పశువుల ఎరువో వర్మీ కంపోస్టో ఒక వంతు, దాంట్లో బ్యాగుకి గుప్పెడు వేపపిండి. బరువైన డ్రమ్ములన్నీ గోడల వెంబడి, బీమ్‌ల మీద వచ్చేట్టు పెట్టుకోవాలి, స్లాబ్ నట్టనడుమ కాదు. బ్యాగుల్ని నేరుగా నేల మీద పెట్టకుండా ఇటుకల మీద ఎత్తి పెడితే రెండు లాభాలు, నీళ్ళు నిలవవు, పగలంతా కాగిన స్లాబ్ వేడి రాత్రి వేర్లకి ఎక్కదు. డాబాకి తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ వేయిస్తే ఇంకా మంచిది. మన తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా వచ్చింది, ఇంటి లోపల చల్లగా ఉండటానికే దాన్ని తెచ్చినా, దాని మీద కూర్చున్న మొక్కకి కూడా అంతే మేలు.

ఎండాకాలంలో ఈ నెట్ కింద నేను పెంచేవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది కొత్తిమీర. మే నెలలో రైతుబజార్‌లో కొత్తిమీర కట్ట పట్టుకుని చూడండి, ఆకు తక్కువ కాడ ఎక్కువ, రేటు మాత్రం మండిపోతుంటుంది. ఎందుకంటే ఎండ పెరిగేకొద్దీ కొత్తిమీర ఆకు వేయడం మానేసి కాడ పైకి లేపి పూతకొచ్చేస్తుంది. రైతులు కూడా ఈ మూడు నెలలు షేడ్‌నెట్ కిందే వేస్తారు. ధనియాలు కొట్టు నుంచి తెచ్చినవే, చపాతీ కర్రతో మెల్లగా దొర్లించి రెండు బద్దలుగా చేయాలి, నుగ్గు కాకూడదు, రాత్రంతా నానేసి, నీడలో కాసేపు ఆరబెట్టి, వెడల్పాటి ట్రేలో చల్లి పైన వేలు మందాన ఎరువు కప్పి, దానిమీద తడి గోనెసంచి పరవాలి. మొలక రావడానికి పది రోజులు అటూఇటూ పడుతుంది, ఈలోగా ఓపిక పోయి మట్టి కెలకకూడదు. తల కనిపించిన రోజే సంచి తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా తెల్లగా సాగి పడిపోతాయి. నలభై రోజులకి కోత. పెరుగుపచ్చడి మీద ఆ కొత్తిమీర తుంచి వేసినప్పుడు వచ్చే వాసన బజారు కట్టకి ఎన్నటికీ రాదు. మెంతికూర, పాలకూర, పుదీనా కూడా ఈ నీడలో హాయిగా ఉంటాయి. గోంగూర, బెండ, గోరుచిక్కుడు మాత్రం నెట్ బయటే, వాటికి ఎండంటేనే ప్రాణం, లోపల పెడితే సాగిపోతాయి తప్ప కాపు ఉండదు.

నీళ్ళ దగ్గర ఒకటి జాగ్రత్త. డ్రిప్ పెట్టుకుంటే నల్ల పైపుల్లో నిలిచిన నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, రెండింటికి టైమర్ ఆన్ అయిందంటే వేర్ల మీద వేడినీళ్ళు పోసినట్టే. అందుకే పొద్దున్నే సూర్యుడు రాకముందు ఒకసారి, ఎండ బాగా దిగాక ఒకసారి, సాయంత్రం మొదట వచ్చే నీళ్ళు బకెట్‌లోకి వదిలేసి చల్లగా వచ్చాక మొక్కలకి. బోరు నీళ్ళయితే మా వైపు బాగా ఉప్పు, డ్రిప్పర్ల మూతుల దగ్గర తెల్లగా గడ్డకట్టి మూసుకుపోతాయి, కుండీ అంచుల్లో కూడా తెల్లటి పొర కనిపిస్తుంది. అప్పుడప్పుడూ కుండీలోంచి నీళ్ళు కిందికి ధారాళంగా పోయేదాకా పెట్టి ఆ ఉప్పు కడిగేయాలి, మంజీరా నీళ్ళో కృష్ణా నీళ్ళో నల్లాలో వచ్చే రోజు దానికి మంచిది.

ఎండాకాలం నెట్ కింద వచ్చే అసలు శత్రువు ఎర్రనల్లి. వేడి, పొడిగాలి దానికి బాగా నచ్చుతాయి. కంటికి సరిగ్గా ఆనదు, ఆకు పైన సూదితో పొడిచినట్టు లేత పసుపు చుక్కలు కనిపిస్తాయి, నీళ్ళు చాల్లేదేమో అనుకుంటాం. అప్పుడు చేయాల్సింది, ఒక తెల్ల కాగితం ఆకు కింద పట్టుకుని ఆకుని వేలితో రెండుసార్లు కొట్టండి, దుమ్ములా రాలుతుంది, ఒక నిమిషం కదలకుండా చూస్తే ఆ దుమ్ములో కొన్ని చుక్కలు నడుస్తుంటాయి. కాగితం మీద వేలితో రాస్తే ఎర్రటి గీత పడుతుంది. కనిపించిన రోజే పైపు పెట్టి ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొట్టాలి, రోజు విడిచి రోజు, నేల మీద తడి గోనెసంచులు పరిచి గాలిలో తేమ పెంచాలి, చాలామట్టుకు దాంతోనే తగ్గుతుంది. వేపనూనె లీటరుకి అయిదు ఎంఎల్, రెండు చుక్కలు సబ్బు నీళ్ళు, అదీ చీకటి పడే వేళే. గంధకం కొట్టమని కొందరు చెప్తారు, పనిచేస్తుంది, కానీ ఎండ 32 దాటిన రోజుల్లో కొడితే నల్లి కంటే ముందు ఆకులే మాడతాయి.

జూన్‌లో వాన పడగానే ఆట మొత్తం మారిపోతుంది. ఏడాదికి మన ఊళ్లో పడే 800 మిల్లీమీటర్ల చిల్లర వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబర్ మధ్యే, ఒక్కోసారి అక్టోబర్‌లో కూడా ముంచేస్తుంది, 2020 అక్టోబర్ 13 రాత్రి మా వైపు కాలనీలు ఏమయ్యాయో ఎవరూ మర్చిపోలేదు. ఈ కాలంలోనే నేను షీట్ బయటికి తీస్తా. నెట్ తీసి చుట్టి పక్కన పెట్టి, సగం కప్పు మీద మాత్రం ఏటవాలుగా షీట్, పక్కలు మొత్తం ఓపెన్. దాని కింద నారు ట్రేలు, కొత్తిమీర, టమాటా. వాన చినుకు నేల మీద పడి మట్టిని ఆకు అడుగుకి చిమ్ముతుంది కదా, ఆ మట్టితోనే సగం తెగుళ్ళు ఎక్కుతాయి, అది ఆగిపోతే చాలు. నారుకుళ్ళుకి ట్రైకోడెర్మా (తెగుళ్ళని ఆపే మేలైన బూజు) పొడి మట్టిలో ముందే కలిపేయాలి, నారు పడిపోవడం మొదలయ్యాక కలిపితే లాభం తక్కువ. ట్రేలకి గాలి తగలాలి, ఒత్తుగా పోయకూడదు.

పూల గురించి రాయకపోతే అత్తమ్మ ఊరుకోదు. బతుకమ్మకి బంతి మన డాబా మీదే పూయాలంటే జూలై మొదట్లో గింజలు వేయాలి, మొక్కలు జానెడు దాటాక తల తుంచాలి, పక్క కొమ్మలొచ్చి పండగ టైముకి నిండుగా పూస్తుంది. బంతి నెట్ కింద వద్దు, బయట ఫుల్ ఎండలో. మల్లె, గులాబీ కూడా అంతే. నీడలో సుఖపడే పువ్వు కనకాంబరం, నెట్ అంచున వరసగా పెట్టుకుంటే దాదాపు ఏడాదంతా జడలోకి ఉంటాయి.

చామంతి మాత్రం నాకు చాలా నేర్పింది. అది పగలు తగ్గి రాత్రి పెరిగితేనే మొగ్గ తొడిగే మొక్క. మన దగ్గర జూన్‌లో పగలు పదమూడు గంటలు, డిసెంబర్‌లో పదకొండు, ఆ రెండు గంటల తేడానే దానికి కబురు. జూన్‌లో కొమ్మలు నాటితే సెప్టెంబర్ దాకా ఆకులే వేస్తుంది, ఆ తర్వాత మొగ్గ, నవంబర్ నుంచి పువ్వు. మా మెట్ల గది దగ్గర ఎల్ఈడీ లైటు రాత్రంతా వెలుగుతుంది. దాని పక్కనున్న పెద్ద కుండీలో లైటు వైపు కొమ్మలన్నీ ఒట్టి ఆకులతో పొడుగ్గా సాగి ఉన్నాయి, అదే కుండీలో గోడ నీడలో ఉన్న కొమ్మలు మాత్రం గుండీల్లాంటి మొగ్గలతో నిండిపోయాయి. ఒకే మొక్క, ఒకే మట్టి, ఒకే నీళ్ళు. నేను అత్తమ్మని పిలిచి చూపించి, చీకటి పడితే కుండీ మీద ముదురు రంగు దుప్పటి కప్పడం మొదలుపెట్టాం, ఆ కొమ్మలు కూడా తర్వాత మొగ్గేశాయి. పూల రైతులు కావాలనే తోటల్లో రాత్రి బల్బులు వెలిగించి పూతని ఆపి, రేటున్న పండగకి వదుల్తారని అప్పుడు సరిగ్గా తెలిసింది. వీధి లైటు పడే బాల్కనీలో చామంతి పూయట్లేదని ఎరువులు మార్చి మార్చి వేసేవాళ్ళు ముందు రాత్రి వెలుతురు చూసుకోండి.

చలికాలం మన అసలు సీజన్. దసరా దాటాక కప్పు మీద ఏమీ ఉంచను, ఆకాశం ఓపెన్. చాలామంది ఒకసారి కట్టిన నెట్ ఏడాదంతా అలాగే ఉంచేస్తారు, డిసెంబర్‌లో ఎండే ఏటవాలుగా తక్కువగా పడుతుంటే అందులో సగం ఆపేస్తే టమాటా ఏం కాస్తుంది పాపం. అందుకే కట్టించేటప్పుడే నెట్ కర్టెన్‌లా లాగేట్టు తీగల మీద వేయించుకోండి, రెండు తీగలు ఎక్కువవుతాయి అంతే. టమాటాలో నేను నమ్మేది అర్క రక్షక్, బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళది, ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ తెగులు మూడింటినీ తట్టుకునేలా చేసిన హైబ్రిడ్, వాళ్ళ ఆన్‌లైన్ సీడ్ పోర్టల్‌లో విత్తనాలు తెప్పించుకోవచ్చు. హైబ్రిడ్ కాబట్టి దాని గింజలు దాచి వేస్తే అదే రాదు. ఆకుముడత తెచ్చేది తెల్లదోమ, పసుపు రంగు జిగురు అట్టలు నాలుగు మూలలా వేలాడదీస్తే అవి ఎంత ఉన్నాయో రోజూ తెలుస్తుంది.

చుట్టూ వల కట్టాక తేనెటీగల రాక తగ్గుతుంది, అది మర్చిపోకూడదు. టమాటా, వంకాయకి పూల గుత్తిని పొద్దున పదింటి లోపు వేలితో చిన్నగా తడితే చాలు, పుప్పొడి దానంతటదే రాలుతుంది. తీగజాతి అలా కాదు, మగ పువ్వు వేరు ఆడ పువ్వు వేరు. ఆడ పువ్వు వెనక చిన్న కాయ ఆకారం ముందే ఉంటుంది. కాకర పొద్దున విచ్చుకుంటుంది, బీర సాయంత్రం, సొర అయితే చీకటి పడే వేళకి తెల్లగా విచ్చుకుంటుంది, అది రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం పూసే పువ్వు. మగ పువ్వు కోసి రెక్కలు తుంచేసి మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. రెండు రోజుల్లో పిందె కిందికి వంగి నిగనిగలాడితే పట్టినట్టు, పసుపు తిరిగితే పట్టనట్టు. మా అబ్బాయి ట్యూషన్ నుంచి రాగానే బ్యాగ్ పడేసి ఫోన్ లైటు పట్టుకుని సొర పూల దగ్గరికే పోతాడు, నాకంటే వాడి చేతికే ఎక్కువ కాయలు నిలుస్తున్నాయి.

డాబా లేని అపార్ట్‌మెంట్ వాళ్ళు ఇదంతా మాకు కుదరదులే అనుకోకండి. తూర్పు బాల్కనీ అయితే నెట్ అవసరమే లేదు, పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు వస్తే ఆకుకూరలకి చాలు. పడమర బాల్కనీ అయితే మధ్యాహ్నం రెండు నుంచి ఎండ కాల్చేస్తుంది, అక్కడ గ్రిల్ పైనుంచి కిందికి 50 పర్సెంట్ తెల్ల నెట్ తీగ మీద జారేట్టు వేయండి, మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం లాగి, సాయంత్రం తీసేయండి. ఉత్తరం వైపుదైతే పుదీనా, బచ్చలి, తమలపాకు. గింజలు ఎప్పుడు వేయాలని ఆలోచించకుండా ముందు ఆ బాల్కనీలో ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ ఎక్కడెక్కడ ఎంతసేపు పడుతుందో చాక్‌పీస్‌తో నేల మీద గీసి పెట్టుకోండి, ఏ కుండీ ఎక్కడ పెట్టాలో ఆ గీతలే చెప్తాయి.